చక్కిలిగింతల గుమస్తా

మా అన్నయ్య మనవడు ప్రసాదుకి తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగం వచ్చి పట్టుమని నెల కాలేదు. మొన్న ఆదివారం ఆరాధన అవగానే సరాసరి మా ఇంటికొచ్చి, పడక్కుర్చీలో కూలబడి, "తాతయ్యా, నేను ఉద్యోగం మానేస్తున్నాను" అన్నాడు. పడక్కుర్చీలో పడుకుని చెప్పే మాటలు నేను అంతగా పట్టించుకోను. అయినా పెద్దవాణ్ణి కనక "ఏం, ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగాను. "అంటే బాగానే ఉండును. ఎవరూ ఏమీ అనరు. నాచేత కవర్లకి గమ్ము రాయిస్తున్నారు. బీకాం ఫస్టుక్లాసు తాతయ్యా నాది" అన్నాడు. "గమ్ము బాగా రాస్తున్నావా?" అన్నాను. వాడు నావంక చూసిన చూపుకి పక్కింటి కుక్క కూడా అరవడం మానేసింది. రైతులకి అప్పులిప్పించి ఈ డెల్టాని ఉద్ధరిద్దామని బ్యాంకులో చేరాట్ట. తీరా చేరాక, ఉద్ధరించే పని మేనేజరు గారు తన దగ్గరే పెట్టుకున్నాడట. కాఫీ తెచ్చిన మా ఆవిడ కరుణ అంతా విని, "మీ తాతయ్యనడగరా, ఆయన మొదటి ఉద్యోగంలో ఏం పని చేశారో" అంది. నేను లేచి, లోపలికెళ్ళి, ట్రంకుపెట్టె అడుగునించి ఎర్రంచు తువాలు ఒకటి తీసుకొచ్చాను. దాన్ని దులపగానే మిల్లు తవుడు వాసన గుప్పుమందని రాయాలని నాకూ ఉంది. కలరా ఉండల వాసన వచ్చింది.

ఏలూరులో మా ఇంటికీ మిషన్ బడికీ మధ్య ఒక తడిక ఉండేది. తడికకి అటు పక్క మా నాన్న ఆశీర్వాదం మాస్టారు, ఇటు పక్క కూడా ఆయనే. తెల్లవారకముందే మమ్మల్ని లేపి ప్రార్థన చేయించేవారు. ఆ ప్రార్థనలో మా తప్పులన్నీ ఒక్కొక్కటే దేవుడికి పేరుపేరునా విన్నవించేవారు, దేవుడికి వేరే మార్గంలో తెలిసే అవకాశం లేనట్టు. ఆ తరవాత చద్దన్నం, మాగాయ ముక్క. అమ్మ వడ్డిస్తుంటే మేము మాట్లాడే మాటల్లో కర్తకీ క్రియకీ పొంతన కుదరకపోతే నాన్న ముద్ద ఆపి సరిచేసేవారు. ఆయన జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. చాకలి మీద కోపం వస్తే గోడమీద రాసి మరీ తిట్టేవారు. ఆదివారం గుళ్ళో సండేస్కూలు కూడా ఆయనదే. ఇంట్లో నాన్న, బళ్ళో నాన్న, గుళ్ళో నాన్న. నాకు ఆయనంటే ఎంతో గౌరవం. కాకపోతే ఆ గౌరవం కొంచెం దూరంనించి ఇద్దామని ఉండేది.

నేను స్కూలు ఫైనలు ప్యాసయిన రోజుల్లో బీయేలే ఉద్యోగాల్లేక వాళ్ళ అత్తవారిళ్ళలో కాపురముండేవారు. నాకవేమీ తెలియవు. ఉద్యోగమంటే నా లెక్కలో ఒక బల్ల, ఒక కుర్చీ, పైన పంకా, దాన్ని లాగేందుకు ఒక మనిషి, ఆ మనిషి నిద్రపోతే లేపేందుకు బల్లమీద ఒక గంట. నాన్న లెక్క వేరు. "వచ్చే జూన్ నించి మన బళ్ళో రెండో తరగతి చెప్పు" అన్నారు. తడిక ఇవతల పుట్టినవాణ్ణి తడిక అవతల రిటైరవుతానని నాకు ఒక్కసారిగా అర్థమైంది. "వేరే ఏదైనా పని చూసుకుంటానండి" అన్నాను. నాన్న కాసేపు పైకప్పు చూసి, "సరే. కోతలయి ధాన్యం కొనుగోళ్ళు మొదలవుతున్నాయి. గూడెంలో పేరయ్య మిల్లులో చెప్తాను. కొనుగోళ్ళు పూర్తయ్యేలోగా వాళ్ళు నిన్ను ఖాయం చేస్తే అక్కడుండు. లేదా జూన్‌లో సుద్దముక్క పట్టు" అన్నారు. పేరయ్య గారు చిన్నతనంలో మా నాన్న దగ్గర చదువుకున్నారు. చదువు రాలేదు గాని భయం మాత్రం బాగా వచ్చింది. ఇన్నేళ్ళయి, మిల్లు పెట్టి, గడియారం గొలుసు వేలాడేసుకున్నాక కూడా మా నాన్న మాట కాదనే ధైర్యం ఆయనకి లేదు. అలా వచ్చింది నా ఉద్యోగం.

మేనమామ కోటు తొడుక్కుని తాడేపల్లిగూడెం రైలు దిగాను. మేనమామ నాకంటే రెండింతలుండేవాడు కనక ఆ కోటు నేను ఆగాక కూడా కాసేపు నడిచేది. మిల్లు వెతుక్కోనక్కర్లేదు, వాసనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది: ఉడికిన వడ్లు, వేడెక్కిన ఇంజను నూనె, ఊక పొగ. ఇంజను గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. నా గుండె దానికి వంతపాడుతోంది. పేరయ్య గారు ధాన్యం బస్తా మీద కూర్చుని పల్లీలు తింటున్నారు. "ఇంగ్లీషు వచ్చా?" అన్నారు. "వచ్చండి" అన్నాను ఛాతీ విరిచి. కోటు మాత్రం విరుచుకోలేదు. "మంచిది. మన మిల్లులో ఎవరికీ రాదు. కాబట్టి నీకేమీ ఇబ్బందుండదు" అన్నారు. నేను చుట్టూ చూసి, "నా బల్ల ఎక్కడండీ?" అని అడిగాను. "బల్ల ఉండేదోయ్. దానిమీద కాటా పెట్టాం" అన్నారాయన. పంకా సంగతి ఇక అడగలేదు.

నన్ను చిట్టెయ్య గారికి అప్పగించారు. ఈయన మిల్లు తరఫున ఊళ్ళమ్మట తిరిగి ధాన్యం బేరం చేసే పెద్దమనిషి. పొట్టిగా, గుండ్రంగా, భుజం మీద ఎర్రంచు తువాలుతో, నిండు కుండకి గుడ్డ కట్టినట్టుండేవాడు. మకాం కూడా ఆయన ఇంటి వసారాలోనే. ఆయన భార్య సూరమ్మ గారు ఊక పొయ్యి మీద వండేది. దాంతో కూర ఏదైనా రుచి మాత్రం మిల్లుదే. పొద్దున్నే చిట్టెయ్య గారు అరుగుమీద కూర్చుని, గుప్పెడు వడ్లు అరచేతిలో నలిపి, ఊది, గింజ పంటికింద కొరికి, కళ్ళు మూసుకునేవాడు. ఆ భక్తి చూసి ప్రార్థన చేస్తున్నాడేమోనని నేనూ అలవాటు కొద్దీ కళ్ళు మూసుకునేవాణ్ణి. "కళ్ళు తెరవ్వయ్యా దావీదూ, కొరుకు" అనేవాడు. నేను కొరికేవాణ్ణి. "ఏం తెలిసింది?" "గట్టిగా ఉందండి." "ఇంకా?" "పన్ను కదిలిందండి." కోడిపెట్ట కూడా తినలేనన్ని వడ్లు తిన్నాను ఆ కొద్ది వారాల్లో.

అసలు చదువు ఆ తరవాత మొదలైంది. ఆ రోజుల్లో ధాన్యం బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని, చేతులు కలిపి, వాటిమీద తువాలు కప్పుకునేవారు. చుట్టూ పదిమంది ఉంటారు కదా, ధర ఒకరికి తెలిస్తే రెండోవాడు అదే అడుగుతాడు. అందుకని అంతా తువాలు కింద, వేళ్ళతో. వేళ్ళు పట్టుకుంటే రూపాయలు, అరచేతిలో గోటితో గీస్తే అణాలు. పైకి మాత్రం పిల్లలెలా ఉన్నారు, ఈయేడు మామిడి పూత ఎలా ఉంది అని మాట్లాడుకుంటూ, మొహంలో ఏ మార్పూ లేకుండా కూర్చోవాలి. "బేరమంతా మొహంలో ఉందయ్యా. చెయ్యి మాట్లాడాలి, మొహం నిద్రపోవాలి" అని చిట్టెయ్య గారు నా చెయ్యి పట్టుకుని, తువాలు కప్పి, రెండు వేళ్ళు నొక్కి, అరచేతిలో సుతారంగా ఒక గీత గీశాడు.

నేను అరుగుమీంచి కిందపడ్డాను.

నాకు చక్కిలిగింతలు జాస్తి. మా ఇంట్లో నాన్నకి తప్ప అందరికీ తెలుసు. నాన్న బెత్తంతో అరచేతిమీద కొట్టడానికి నా చెయ్యి పట్టుకోగానే నేను నవ్వేవాణ్ణి. ఆయన దాన్ని ధిక్కారమనుకుని ఇంకోటి వేసేవారు. కాని అది నా ఉద్యోగానికి అడ్డొస్తుందని నేను గాని, సిఫార్సు చేసిన నాన్న గాని ఊహించలేదు. చిట్టెయ్య గారు మళ్ళీ గీశాడు. మళ్ళీ పడ్డాను. మూడోసారి ఆయన గీయకముందే, తువాలు చూసే పడ్డాను. సూరమ్మ గారు లోపల్నించి వచ్చి, "ఏవండీ, కుర్రాడికేమన్నా మూర్ఛా?" అంది. "మూర్ఛ అయితే బాగుండునే. నవ్వుతున్నాడు" అన్నాడాయన దిగులుగా. ఆ సాయంత్రంనించి వైద్యం మొదలైంది. ఆవిడ నా అరచేతులకి ఉప్పు రుద్దింది, వేపనూనె రాసింది, కొబ్బరిపీచుతో తోమింది. చేతులు తళతళలాడాయి. చక్కిలిగింతలు రెట్టింపయ్యాయి. "నాన్న బళ్ళో రెండో తరగతి ఖాళీ ఉంచారండీ" అన్నాను ఏడుపు గొంతుతో. "ఊరుకో అబ్బాయీ, ముందు అన్నం తిను. నవ్వేవాడికి ఆకలెక్కువ" అంది సూరమ్మ గారు. ఆ మాట నిజమే.

ఈలోగా పేరయ్య గారినించి హుకుం వచ్చింది: ముదినేపల్లి దగ్గర కామందు వీరరాఘవయ్య గారి ధాన్యం బేరం చేసుకు రండి, కుర్రాణ్ణి కూర్చోబెట్టండి, వాడి సంగతి తేల్చేద్దాం. ఏలూరు దాకా రైలు, అక్కణ్ణించి కొల్లేట్లో పడవ, ఆపైన రెండెడ్ల బండి. పడవవాడు గెడ వేస్తుంటే కిక్కిస గడ్డి దుబ్బుల మధ్యనించి జారిపోతున్నాం. గూడబాతులు గుంపులుగా కూర్చుని నావంక చూస్తున్నాయి. వాటిల్లో కొన్నిటి మొహాలు అచ్చం మా నాన్నలాగే ఉన్నాయి. చిట్టెయ్య గారు దారిపొడుగునా ఒకటే పాఠం: "చచ్చిపోయిన మీ తాతని తలుచుకో. నవ్వు రాదు." మా తాత చచ్చిపోయింది జబ్బుతోనో, ముసలితనంతోనో కాదు. పెళ్ళివిందులో పెద్దగా నవ్వుతూ నవ్వుతూ పోయాడు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

వీరరాఘవయ్య గారు మీసాల పెద్దమనిషి. ఆయన గాదెలు చూస్తే మిల్లు మొత్తం ఆ ఇంట్లో పట్టేట్టుంది. ధాన్యం అడిగే నాథుడు లేక రైతులు తలలు పట్టుకున్న రోజులు గనక, ఆయన కూడా లోలోపల బెంగగానే ఉన్నాడు, పైకి మాత్రం మీసం దువ్వుతున్నాడు. వాకిట్లో ఊరిజనం చేరారు. మజ్జిగ ఇచ్చారు. నా చెయ్యి ఆయన చేతిలోకి వెళ్ళింది, తువాలు పడింది. "మీ నాన్నగారు కులాసాయేనా?" అన్నాడాయన, వేళ్ళు నొక్కుతూ. "కులాసాయేనండి" అన్నాను, తాతని తలుచుకుంటూ. అప్పుడు ఆయన గోరు నా అరచేతిమీద కదిలింది. ఆయన గోరు చిట్టెయ్య గారి గోరులాంటిది కాదు, నాలుగెకరాల పొలం దున్నేంత ఉంది. నాకు తాత కనిపించాడు, పెళ్ళివిందులో, లడ్డు పట్టుకుని. ఇక ఆగలేదు. నవ్వు గొంతులోంచి కాదు, మోకాళ్ళలోంచి వచ్చింది. వీరరాఘవయ్య గారి మొహం కందగడ్డయింది. చిట్టెయ్య గారు కళ్ళు మూసుకున్నాడు. ఈసారి నిజంగానే ప్రార్థన.

"అంత నవ్వులాటగా ఉందా అబ్బాయీ నా ధర?" అన్నాడు కామందు మెల్లిగా. జవాబు చెబుదామంటే నవ్వు. ఆయన చుట్టూ చూశాడు. ధర ఎవరికీ తెలియదు, నవ్వు మాత్రం అందరికీ వినిపించింది. పరువు తక్కువ. గబగబా ఒక వేలు తగ్గించాడు. ఆ తగ్గించడంలో మళ్ళీ గోరు తగిలింది. మళ్ళీ నవ్వాను. మళ్ళీ తగ్గించాడు. నాకు కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి, తల అడ్డంగా ఊగుతోంది, చెయ్యి లాక్కుందామంటే ఆయన వదలడు. చివరికి చిట్టెయ్య గారే జాలిపడి, "చాలండి, చాలండి, కుర్రాడు ఒప్పుకున్నట్టే" అని తువాలు తీసేశాడు. బండెక్కాక ఆయన తువాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. తరవాత, "ముప్ఫై ఏళ్ళనించి నిద్రమొహం వేసుకు కూర్చున్నానయ్యా. ఏం లాభం?" అన్నాడు.

పేరయ్య గారు ధర విని బస్తామీంచి లేచి నించున్నారు. ఆయన్ని నించోగా చూడటం మిల్లులో చాలామందికి అదే మొదలు. ఆ రోజునించీ నేను మిల్లుకి పెద్ద ఆస్తినయిపోయాను. జీతం పెంచలేదు గాని కుర్చీ ఇచ్చారు. గూడెంనించి కొల్లేటి లంకల దాకా ఏ బేరమైనా సరే, "మా నవ్వే గుమస్తాని పంపిస్తున్నాం" అని ముందుగా కబురెళ్ళేది. రైతులు నన్ను చూసి గడగడలాడేవారు. నేను చెయ్యి చాపితే చాలు, "బాబ్బాబు, నవ్వకండి, మీరే చెప్పండి" అనేవారు. కొనుగోళ్ళు అయిపోగానే ఖాయం చేస్తానని యజమాని మాటిచ్చారు. ఏలూరులో నాన్నకి ఈ సంగతి ఎవరో చేరవేస్తే, "నేను ఎన్ని బెత్తాలు విరగ్గొట్టినా ఆపలేకపోయినదానికి వాళ్ళు జీతమిస్తున్నారా?" అన్నారట. తడిక నాకు రోజురోజుకీ దూరమవుతోంది. నేను కోటు సరిచేయించుకున్నాను.

అలా ఉండగా ఒక పొద్దున సూరమ్మ గారు నా చేతిలో మిరపకాయలు పోస్తుంటే ఏమీ అనిపించలేదు. అనుమానం వచ్చి కోడీకతో గీసుకున్నాను. ఏమీ లేదు. "చిట్టెయ్య గారండీ, ఒక్కసారి ఇటు గీయండి" అని అరిచాను. ఆయన గీశాడు. రెండణాలని అర్థమైంది. అంతే. నవ్వు రాలేదు, రెండణాలు మాత్రం వచ్చాయి. ఆయన ఇంకోలా నొక్కి, గీశాడు. మూడు రూపాయల పావలా అన్నాను. ఆయన వడ్ల గింజ ఒకటి నా నోట్లో పెట్టాడు. కొరికి, "తడి ఆరలేదండి, ఇంకో రెండెండలు కావాలి" అన్నాను, అనుకోకుండానే. ఆయన నావంక చూసిన చూపు, డాక్టరు చెయ్యి వదిలేసి బంధువులకేసి చూసే చూపు. "అయ్యో దావీదూ, నీకు పని వచ్చేసిందయ్యా" అన్నాడు.

"పోయేదారి లేదాండీ?" అన్నాను.

"వచ్చాక పోదయ్యా. నాకూ చిన్నప్పుడు కొంచెం నవ్వొచ్చేదిట."

మిగిలింది ఒకే బేరం, మళ్ళీ వీరరాఘవయ్య గారిదే, రెండో పంట దాళవా ధాన్యం. దీనికి పేరయ్య గారు స్వయంగా వచ్చారు, నా నవ్వు కళ్ళారా చూసి అక్కడికక్కడే ఖాయం చేద్దామని. కామందు ఇంటి ముందు తిరనాళ్ళలా ఉంది. పక్క ఊళ్ళనించి కూడా నా నవ్వు చూడ్డానికొచ్చారు. పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు. వీరరాఘవయ్య గారు ఈసారి గోళ్ళు శుభ్రంగా కత్తిరించుకుని, పళ్ళు బిగించి, దేనికైనా సిద్ధపడి కూర్చున్నాడు. తువాలు పడింది. ఆయన ధర చెప్పాడు. నేను నవ్వలేదు. ఆయన నా మొహంలోకి చూసి, మళ్ళీ చెప్పాడు. నవ్వలేదు. జనంలో గుసగుసలు. వెనకనించి చిట్టెయ్య గారు నా డొక్కలో వేలు పెట్టి పొడిచాడు. ఆ పొడుపుకి కూడా నాకు ఏదో ధర అర్థమైంది గాని నవ్వు రాలేదు. పేరయ్య గారు గొంతు సవరించుకుని, "ఊఁ, కానీయ్, మొహమాటపడకు" అన్నారు. "హహ్హ" అన్నాను. అది నవ్వులా లేదు, దగ్గులా కూడా లేదు. "ఏవండీ, అబ్బాయికి ఒంట్లో బావులేదా? సోడా తెప్పించమంటారా?" అన్నాడు వీరరాఘవయ్య గారు, నిజంగానే కంగారుపడి. శత్రువు కంగారు పడటం కంటే అవమానం లేదు. ఇక చేసేదేం లేక, నేను బేరం చేశాను. ఆయన ఒకటన్నాడు, నేను ఒకటన్నాను. మామిడి కాపు గురించి మాట్లాడుకున్నాం. కొంచెం ఆయన దిగాడు, కొంచెం నేను ఎక్కాను. తువాలు తీసేసరికి ఇద్దరికీ న్యాయమనిపించే ధర ఒకటి కుదిరింది. కామందు నా భుజం తట్టి, "చక్కగా చేశావయ్యా" అన్నాడు. జనం నిరాశగా వెళ్ళిపోయారు. ఒకాయన అయితే బండి కిరాయి ఎవరిస్తారని అడిగాడు.

తిరుగు పడవలో పేరయ్య గారు గూడబాతుల వంకే చూస్తూ మాట్లాడారు. "తప్పేం లేదోయ్. బేరం బాగానే చేశావు. చిట్టెయ్య చేసినట్టే చేశావు."

"చిత్తమండి."

"అదే వచ్చింది చిక్కు. చిట్టెయ్య ఉన్నాడు కదా."

కాదనడానికి అందులో తప్పేమీ కనిపించలేదు. పని రానన్నాళ్ళూ ఉద్యోగం నిక్షేపంలా ఉంది, వచ్చిన రోజున పోయింది. ఏలూరు రేవులో దిగేటప్పుడు చిట్టెయ్య గారు భుజం మీది తువాలు తీసి నా చేతిలో పెట్టాడు. "ఉంచు. నాకు ఇంకోటుంది" అన్నాడు. ఆ తరవాత ఇంకేదో అనబోయాడు గాని, పడవవాడు "జరగండి బాబూ" అన్నాడు.

జూన్‌లో సుద్దముక్క పట్టుకున్నాను. మొదటిరోజు తడిక దాటి బళ్ళోకి అడుగుపెట్టగానే నాన్న కుర్చీలోంచి లేచి నించుని, "రండి దావీదు మాస్టారూ, తమరి తరగతి ఇటు" అన్నారు. వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని చూశాను. లేరు. ఆయన రిటైరయ్యే దాకా బళ్ళో నన్ను ఏనాడూ "మీరు" తప్ప అనలేదు. సాయంత్రం తడిక ఇవతలికి రాగానే "ఒరేయ్, కాళ్ళు కడుక్కున్నావా?" ఉండనే ఉండేది. ఆ తడికని తలుచుకుని అంత భయపడ్డాను గాని, తీరా చూస్తే నాకు దొరికిన గౌరవమంతా దాని అవతలే దొరికింది. చెక్కతో చేసిన బల్ల కూడా దొరికింది. ఒక కాలు పొట్టి.

ఇదంతా విని ప్రసాదు, "అయితే ఏమంటావు తాతయ్యా, నన్ను గమ్ము రాస్తూనే ఉండమంటావా?" అన్నాడు. ఈ కాలం పిల్లలకి కథ చెబితే నీతి కూడా చేతిలో పెట్టాలి. మా రోజుల్లో అయితే పని చెప్పేవాడు పక్కన కూర్చుని గింజ నోట్లో పెట్టేవాడు, ఇంట్లో వసారా ఇచ్చేవాడు, తీసేసేటప్పుడు పడవలో పక్కన కూర్చుని తీసేసేవాడు. వీడి మేనేజరుకి వీడి పేరు ఇంకా తెలియదట, "కొత్తబ్బాయ్" అంటాడట. దాని ముందు గమ్ము పెద్ద కష్టమేమీ కాదని నాకనిపించింది గాని, పైకి అనలేదు. "చెయ్యి ఇలా తే" అన్నాను. వాడు చాపాడు. గమ్ము ఇంకా వేళ్ళకి అంటుకుని ఉంది. మా ఇద్దరి చేతుల మీదా ఎర్రంచు తువాలు కప్పాను. "మీ మేనేజరు కులాసాయేనా?" అంటూ, చిట్టెయ్య గారు గీసినట్టే, అరచేతిలో సుతారంగా ఒక గీత గీశాను.

వాడు పడక్కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. కరుణ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. వాడు నేలమీద దొర్లుతూ, కడుపు పట్టుకుని, కళ్ళంట నీళ్ళు కారేలా నవ్వుతున్నాడు.

"పని రావడానికి ఇంకా టైముందిరా నీకు" అన్నాను. "మానేయకు."